నిండుకున్న టేపులు

తిరుపాలు నోట ‘అయిపోయింది’ అన్న మాట విన్నవాళ్లు లేరు. యాభై నాలుగేళ్ల మనిషి. అందరి ఇళ్లలో లాగే అతని ఇంట్లోనూ ఉప్పూ పప్పూ అయిపోతూనే ఉంటాయి, అయినా ఆ మాట మాత్రం అనడు. ఉప్పు నిండుకుంటుంది, దీపం కొండెక్కుతుంది, గాజు పెరుగుతుంది. అతను చూసుకునే కంప్యూటర్ గదిలో ఏ డిస్కయినా చెడిపోతే అది కూడా ‘పెరిగింది’. అక్కడ చదువుకునే పిల్లలు నవ్వుకునేవాళ్లు. నవ్వితే నవ్వనీ అనుకునేవాడు.

ఇది వాళ్లమ్మ నేర్పిన చదువు. బళేపేట అంటేనే గాజుల పేట; ఆ సందుల్లో ఆమె గాజుల అంగడి నడిపింది. ఎనిమిదేళ్ల వయసులో తిరుపాలు, గాజులు తొడిగించుకుంటున్న పెళ్లికూతురి ఎదుటే, “అమ్మా, గాజు పగిలింది!” అని అరిచాడు. ఆ పిల్ల వెళ్లేదాకా వాళ్లమ్మ నవ్వుతూనే ఉంది. వెళ్లాక మూతి మీద ఒక్కటిచ్చింది. “అంగట్లో కూచోని అట్లాంటి మాట అంటావా? పెరిగింది అనల్ల!” అంది. ఇంట్లో బియ్యం డబ్బాకీ అదే మర్యాద. అడుగంటా గీకకూడదు. ఒక గుప్పెడు అట్లాగే ఉంచి, ‘బియ్యం నిండుకున్నాయి’ అని చెప్పి, కొత్త బియ్యం ఆ గుప్పెడు మీదే పోయాలి. డబ్బా బోసిపోతే లక్ష్మి ఇల్లు వదిలిపోతుందని ఆమె గట్టి నమ్మకం.

అంగడి అన్నల పాలయింది. తిరుపాలు ఐటీఐ చదివి, జిగణిలో ఒక ఫ్యాక్టరీలో ట్రాన్స్‌ఫార్మర్లకు రాగితీగ చుట్టి, అది మూతపడ్డాక ఊరికి ఉత్తరాన ఉన్న ఒక పరిశోధనా సంస్థలో కుదిరాడు. ఇరవై ఆరేళ్లయింది. ప్రతి మార్చికీ కాంట్రాక్టు కాగితం కొత్తది వస్తుంది, మనిషి మాత్రం పాతవాడే. బయట ఎండ కాస్తున్నా ఆ గదిలో స్వెటరు తప్పదు. యంత్రాలు వేడెక్కకుండా చూడటం, చెడ్డ డిస్కు మార్చడం, పిల్లలు చేసిన లెక్కల్ని డిస్కు మీంచి టేపుల్లోకి ఎక్కించి భద్రం చేయడం అతని పని. టేపంటే పాతకాలం పాటల క్యాసెట్టు లాంటిదే, అరచేతిలో ఇముడుతుంది. ఒక్కోదానిలో పన్నెండు టెరాబైట్లు పడతాయి. ఇరవై ఆరేళ్లలో ఒక్క ఫైలు పోగొట్టినవాడు కాదు. ఆ మాట చెప్పుకోవడమంటే అతనికి మహా ఇష్టం.

సౌమ్య ఆ గదికి వచ్చేది తెలుగు మాట్లాడటానికి. హైదరాబాదు నుంచి వచ్చి సర్జాపుర రోడ్డు అపార్ట్‌మెంట్లలో స్థిరపడిన ఉద్యోగస్తుల పిల్ల. తెలుగు గడగడా మాట్లాడుతుంది కానీ అది తలుపు లోపల పెరిగిన తెలుగు. వాళ్లింట్లో బియ్యం ఎప్పుడూ నిండుకోవు. ఫోను నొక్కితే పది నిమిషాల్లో సంచి గుమ్మం ముందుంటుంది. తిరుపాలు ‘సర్వర్ కొండెక్కింది’ అంటే ఆ పిల్ల పగలబడి నవ్వి, ఆ మాట ఫోనులో రాసుకునేది. అతనికి కూతుళ్లు లేరు. ఆ నవ్వు కోసం కావాలనే రోజుకో నుడికారం వాడేవాడు.

ఆమె పిహెచ్‌డీ లెక్కేమిటో కూడా ఆ గదిలోనే చెప్పింది. “మన ఒంట్లో, ఈ బల్లలో, మీ టీ గ్లాసులో ఉన్న బరువంతా దాదాపు ప్రోటాన్లు, న్యూట్రాన్లదే అంకుల్. ఒక్కో ప్రోటాన్‌లో మూడు క్వార్కులు. ఆ మూడింటినీ తూకం వేస్తే ప్రోటాన్ బరువులో నూటికి ఒక వంతు వస్తుంది, అంతే.”

“మిగతా తొంభై తొమ్మిదీ యాడికి పోయినాయి?”

“అదే కదా! క్వార్కుల పరుగు, వాటిని అతికించి పట్టుకునే గ్లువాన్లు, ఆ శక్తంతా కలిసి బరువయ్యింది. ప్రోటాన్ పరిగెత్తితే ఆ పరుగులో గ్లువాన్ల వాటా ఎంత? నా థీసిస్ అదే.”

కాగితం మీద పెన్నుతో తేలే లెక్క కాదట. అందుకని చోటునీ కాలాన్నీ గళ్లుగళ్లుగా కోసి, ఒక జాలీలా చేసి, ప్రతి ముడి దగ్గరా యంత్రంతో లెక్క కట్టిస్తారు. లాటిస్ క్యూసీడీ అంటారు దాన్ని. జాలీ ఒక అంచున బయటికి పోతే రెండో అంచున లోపలికి వస్తామని ఆమె చెప్పగానే, “గాజు మాదిరి, మొదలూ చివరా లేకుండా” అన్నాడు తిరుపాలు. ఆ పోలిక ఆ పిల్ల తన సెమినార్లో చెప్పుకుంది. ఇంకో చిక్కుంది. శూన్యమనేది కూడా కుదురుగా ఉండదు, ఎప్పుడూ ఉడుకుతూనే ఉంటుంది. అందుకని ఆ ఉడుకుని నాలుగు వందల రకాలుగా పట్టి, ఒక్కోదాని మీదా ప్రోటాన్ లెక్క విడిగా చేసి, సగటు తీయాలి. ప్రోటాన్ సంగతి తొందరగా రొదలో మునిగిపోతుంది, ఎన్ని లెక్కలుంటే అంత స్పష్టంగా వినబడుతుంది. తప్పు సగానికి తగ్గాలంటే పని నాలుగింతలు చేయాలి. పద్నాలుగు నెలలు పట్టింది నాలుగు వందలకూ. మొత్తం నలభై ఎనిమిది టెరాబైట్లు, అంటే నాలుగు టేపులు.

నాలుగు టేపులు! ఆ నాలుగు టేపుల కోసం తిరుపాలు మార్చి నుంచి కొనుగోళ్ల విభాగం గడప అరగదీశాడు. డ్రాయరులో మిగిలింది ఒక్క టేపు. కొత్తవి ఇరవై కావాలని ఫారం నింపాడు. ఫారంలో ‘ప్రస్తుతం చేతిలో ఉన్న నిల్వ’ అని ఒక గడి ఉంటుంది. నిజాయితీగా ‘1’ అని రాశాడు. వారం తర్వాత ఫారం తిరిగొచ్చింది. నిల్వ ఉన్నందున అవసరం కనబడలేదని ఎర్ర సిరాతో రాసి ఉంది. మేలో మళ్లీ పెట్టాడు, మళ్లీ అదే ఎర్ర సిరా. కొనుగోళ్ల విభాగంలో కూర్చునే గిరిధర్ పరాయివాడేం కాదు, మదనపల్లె వైపు మనిషి.

“ఆ ఒక్కటీ యాడన్నా వాడేసి, సున్నా అని రాయప్పా. మరుసటి దినమే సంతకం చేయిస్తా.”

“సున్నా ఎట్లా రాసేది? ఒకటి ఉంచుకోవల్ల కదా.”

“యాలప్పా ఉంచుకోవడం?”

“ఉంచుకోవల్ల. అంతే.”

గిరిధర్‌కి అర్థమయింది. వాళ్లింట్లోనూ డబ్బా అడుగున గుప్పెడు ఉంటుంది. “నాకు తెలుసప్పా,” అన్నాడు నిట్టూర్చి, “ఫారానికి తెలియదే.” మూడో ఫారం ఆగస్టు మొదట్లో పెట్టాడు. ఆ గడిలో అప్పుడూ ఒకటే రాశాడు. మొండితనానికి మందు లేదు.

ఆగస్టు రెండో వారంలో, ఒక బుధవారం, సౌమ్య ఇంటి నుంచి ఫోను చేసింది. నాలుగు వందల లెక్కలూ పూర్తయ్యాయి. డిస్కు నిండిపోయి పక్కవాళ్ల పనులు ఆగిపోతున్నాయని రోజుకు పది ఈమెయిళ్లు వస్తున్నాయి. “నా డేటా టేపుల్లోకి ఎక్కించేయండి అంకుల్. ఎక్కాక ఒక్క మాట చెప్పండి, డిస్కు ఖాళీ చేసేస్తా” అంది. అక్కడి పద్ధతి అదే. టేపెక్కించేది తిరుపాలు, డిస్కు మీద చెరిపేది లెక్క చేసినవాళ్లు. మూడో ఫారం పాసయితే రెండు రోజుల్లో టేపులొస్తాయని తిరుపాలు ఆశ. శుక్రవారం పదకొండింటికి ఆ ఫారం కూడా ఎర్ర సిరాతో తిరిగొచ్చింది. అతనికి ఒళ్లు మండిపోయింది. ఆ మంటలోనే సౌమ్యకి ఫోను చేశాడు.

“సౌమ్యమ్మా, టేపులు నిండుకున్నాయి. డిస్కు సంగతి ఇంక నువ్వే సూసుకోవల్ల.”

“హమ్మయ్య! థాంక్యూ సో మచ్ అంకుల్. నేను చూసుకుంటా.”

ఇబ్బంది చెబితే ఇంత సంతోషమేమిటని అతనికి ఒక్క క్షణం అనిపించకపోలేదు. ఈ కాలం పిల్లలు అన్నిటికీ థాంక్యూ అంటారు కదా అని సరిపెట్టుకున్నాడు. ఆ ఒక్క క్షణం దగ్గర ఆగి ఉంటే, ‘ఏమి సూసుకుంటావు తల్లీ’ అని ఒక్క ముక్క అడిగి ఉంటే, ఈ కథే ఉండేది కాదు. అడగలేదు.

సోమవారం వచ్చి చూస్తే డిస్కు మూడొంతులు తేలికయి, మళ్లీ నిండుతోంది. పిల్ల తెలివైంది, ఎక్కడో చోటు చూసుకుని మార్చుకుందని ముచ్చటపడ్డాడు. అప్పుడే ఆమె రెండు కాఫీలు పట్టుకుని లోపలికి వచ్చింది.

“యాడికి మార్చినావమ్మా అంత డేటా?”

“మార్చడమేంటి అంకుల్? టేపుల్లో ఉందిగా. డిలీట్ చేసేశా.”

“ఏ టేపుల్లో?”

“మీరే కదా చెప్పారు, టేపులు నిండుకున్నాయని.”

తిరుపాలు కాఫీ బల్ల మీద పెట్టాడు. “నిండుకున్నాయి అన్నా తల్లీ. నిండినాయి అన్లేదు.”

“రెండూ ఒకటే కదా?”

ఒకటే కాదు. తెలుగువాళ్ల ఇళ్లలో ఒకటి నిండు డబ్బా, రెండోది ఖాళీ డబ్బా. అది ఆ పిల్లకి ఎవరూ చెప్పలేదు. ‘అయిపోయింది’ అనకూడదు కాబట్టి ‘నిండుకుంది’ అంటారని అతను విడమర్చి చెప్పడానికి మూడు నిమిషాలు పట్టింది. ఆ మూడు నిమిషాల్లో ఆమె ముఖంలో రంగు పోయింది. తర్వాత పరుగులు, ఫోన్లు, డిస్కుల కంపెనీవాళ్లు. శనాదివారాలు మధ్యలో లేకపోతే కొంతైనా వెనక్కి తీయగలిగేవాళ్లమని కంపెనీ మనిషి చెప్పాడు. చోటు ఖాళీ కాగానే, వారం నుంచి వరసలో నిలబడ్డ మిగతా పిల్లల లెక్కలన్నీ తోసుకొచ్చి అదే చోట కూర్చున్నాయి. వాళ్లదేం తప్పు? పద్నాలుగు నెలల పని మీద కొత్త రాతలు పడ్డాయి. సౌమ్య ఏడవలేదు. గోడకి ఆనుకుని నేల మీద కూర్చుని, ఆ చలిలో, గంటసేపు డిస్కుల మీద మినుకుమనే ఆకుపచ్చ దీపాల్ని చూసింది. ఏడిస్తే బాగుండునని అతనికి అనిపించింది.

మూడు రోజుల తర్వాత విచారణ పెట్టారు. సౌమ్య గైడు గురుమూర్తి మైసూరు మనిషి, తెలుగు అర్థమవుతుంది కానీ అంతంత మాత్రం. గిరిధర్ రిజిస్టరు పట్టుకొచ్చాడు. తిరుపాలుని ఆ శుక్రవారం ఏమన్నాడో ఇంగ్లీషులో రాసిమ్మన్నారు. ‘టేప్స్ ఆర్ నిల్’ అని రాశాడు. ఇరవై ఆరేళ్ల ఉద్యోగంలో అతను రాసిన అతి కష్టమైన మూడు మాటలవి.

గిరిధర్ రిజిస్టరు తెరిచాడు. తలెత్తకుండానే, “నిల్ యాడుండాది? నువ్వే ఒకటి అని రాసినావు కదప్పా, మూడుసార్లు” అన్నాడు.

గురుమూర్తి అటూ ఇటూ చూశాడు. “ఒకటి ఉందా? లేదా?”

తిరుపాలు లేచి వెళ్లి, తన డ్రాయరులోంచి టేపు తెచ్చి బల్ల మీద పెట్టాడు. పైన ప్లాస్టిక్ కాగితం కూడా చింపలేదు. “ఉండాది సార్. ఇది తీసేది కాదు.”

“ఎందుకు?”

ఎందుకో చెప్పడానికి నోరు తెరిచాడు. బళేపేట అంగడీ, బియ్యం డబ్బా, మూతి మీద పడ్డ దెబ్బా అన్నీ ఒక్కసారే గొంతులోకి వచ్చాయి. వాటిలో ఒక్కటి కూడా విచారణ కాగితం మీద పట్టేది కాదు. “అలవాటు సార్” అన్నాడు.

గురుమూర్తి కోపిష్టి కాదు. అదే వచ్చిన చిక్కు. తిట్టినా బాగుండేది. టేపుని అటూ ఇటూ తిప్పి చూసి, మెల్లిగా, “ఇందులో పన్నెండు పడతాయి. ఇదొక్కటి ఎక్కించి ఉన్నా వంద లెక్కలు మిగిలేవి” అన్నాడు. సౌమ్య కిటికీ బయటికి చూస్తోంది. ఆ మాట వినగానే కళ్లు మూసుకుంది. తప్పు ‘సమాచార లోపం’ అని తేల్చి, అందరూ సంతకాలు పెట్టి, ఫైలు కట్టేశారు. ఎవరి ఉద్యోగమూ పోలేదు. అది కూడా తిరుపాలుకి కోపమే తెప్పించింది. ఒక శిక్షన్నా వేసి ఉంటే మోసేవాడు.

ఆ సాయంత్రం రెండు బస్సులు మారి ఇల్లు చేరాడు. మెజెస్టిక్ దగ్గర గంటసేపు ఇరుక్కుని, నిలబడి నిలబడి కాళ్లు పీకుతున్నాయి. చెప్పులు విడుస్తుండగానే లోపల్నుంచి భార్య లక్ష్మమ్మ కేకేసింది.

“ఇదో, బియ్యం నిండుకున్నాయి. మళ్లా అట్లనే అంగడికి పోయొస్తారా?”

తిరుపాలు గుమ్మంలోనే నిలబడ్డాడు. “నిండుకున్నాయి అంటే ఏమి?”

“ఏమంటే ఏమి చెప్పేది? నిండుకున్నాయి.”

“ఉండాయా లేవా? ఉంటే ఉండాయి అను, లేకుంటే లేవు అను!”

ముప్పై ఏళ్ల కాపురంలో బియ్యం దగ్గర అతను గొంతు పెంచడం అదే మొదలు. లక్ష్మమ్మ చేతిలో గరిటె అట్లాగే ఉండిపోయింది. అతను వంటింట్లోకి పోయి, డబ్బా మూత తీశాడు. అడుగున గుప్పెడు బియ్యం. చెయ్యి పెట్టి, ఒక్క గింజ మిగలకుండా ఊడ్చి, చాటలో పోశాడు. ఖాళీ డబ్బా బోర్లించి అడుగున రెండు దెబ్బలు కొట్టాడు. అది విని లక్ష్మమ్మ చెంపలు వేసుకుంది. “మీకేమన్నా అయిందా? అత్తమ్మ ఉంటే ఏమనునో!” అంది. ఆమె గొంతులో కోపం కంటే భయమే ఎక్కువ ఉంది. తిరుపాలు సంచి తీసుకుని మళ్లీ చెప్పులు వేసుకున్నాడు. అంగడి దాకా నడుస్తూ దారంతా తనని తానే తిట్టుకున్నాడు. అమ్మని తిట్టడానికి మనసు రాలేదు.

యంత్రాలు పాతబడ్డాయి. నవంబరు చివర వాటిని తీసేసి కొత్తవి పెడతారని ఎప్పుడో నిర్ణయమైంది. అవి వచ్చి కుదురుకోవడానికి ఇంకో ఏడాది. ఈ లోపల, గురుమూర్తి నలుగురి కాళ్లూ వేళ్లూ పట్టుకుని సౌమ్యకి కాస్త యంత్రం సమయం ఇప్పించాడు. నాలుగు వందల్లో వంద లెక్కలకి సరిపడా. వందతో తప్పు రెండింతలు పెరుగుతుంది. గ్లువాన్ల వాటా ఇంత అని ఆమె చెప్పబోయే అంకెకి ఇరుపక్కలా అంత వెడల్పు ఉంటే, ఇదివరకు ఎవరెవరో చెప్పిన అంకెలన్నీ దానిలోనే పడతాయి. కొత్తగా చెప్పడానికేమీ ఉండదు. థీసిస్ పాసవుతుంది, అంతే. ఆ పిల్ల దానికోసం ఐదేళ్లు కూర్చోలేదు.

నవంబరు మూడో వారంలో వందో లెక్క ముగిసింది. కొత్త టేపులు అప్పటికీ రాలేదు. ఈసారి మూడు కంపెనీల కొటేషన్లు కావాలి, మూడోది లేదన్నారు. సౌమ్య గదిలోకి వచ్చి స్టూలు మీద కూర్చుంది. ఆగస్టు తర్వాత ఆమె ఆ గదిలో కూర్చోవడం అదే మొదటిసారి. ఫోనులో మాటలు రాసుకోవడం ఎప్పుడో మానేసింది.

“ఎన్ని టెరాబైట్లొచ్చినాయమ్మా?”

“పన్నెండుకి కొంచెం తక్కువ.”

తిరుపాలు డ్రాయరు లాగి టేపు తీశాడు. ప్లాస్టిక్ కాగితం చింపుతుంటే గోరు జారింది. పళ్లతో చింపాడు.

“తర్వాత ఏమి చేస్తావు తల్లీ? కొత్త మిషన్లు వచ్చినాక మళ్లా నాలుగు వందలూ చెయ్యొచ్చు కదా?”

“అప్పటిదాకా ఎక్కడుంటాను అంకుల్? ముప్పయ్యో తారీఖుకి నా ఫెలోషిప్ నిండుకుంటుంది.”

అని, కంప్యూటర్ తెర వైపు తిరిగిపోయింది. ఆ మాట ఎక్కడ వాడాలో అక్కడే, ఎట్లా వాడాలో అట్లాగే వాడింది. ఇంకో రోజయితే తిరుపాలు మురిసిపోయి కారిడారంతా వినబడేట్టు చెప్పేవాడు.

“అయిపోతాది అను తల్లీ,” అన్నాడు. “అయిపోతాది అనే చెప్పు. నాకు అర్థమయితాది.”

సౌమ్య తల అడ్డంగా ఊపింది. “అలా అనకూడదన్నారు కదా అంకుల్, మీరే.”

తిరుపాలు టేపు మీద ఆమె పేరూ తారీఖూ రాసి డ్రైవులో పెట్టాడు. అది ఎక్కడం ముగిసింది. ఆఖర్న రిజిస్టరు తెరిచి, నిల్వ గడిలో సున్నా చుట్టి, పక్కన సంతకం పెట్టాడు.